మామగారి తుపాకీ నా భుజానికి పడదు

అయ్యా,

విషయం: మట్టి పిట్టలు కొట్టుటకు రెండు గొట్టాల తుపాకీ లైసెన్సు కోరగా, తాళం చెవి కారణముగా నిలిపివేయుట – మరల తనిఖీకి మనవి.

డిన్‌వెల్ గ్రామ నివాసి, చర్చిలో పూలు సర్దే రోవెనా ప్రోబర్ట్, వయస్సు యాభై, తమరికి వినయముతో విన్నవించునది:

1. పోయిన వసంతంలో చర్చి పైకప్పు మరమ్మతు కోసం పొలంలో మట్టి పిట్టల పోటీ, అంటే మీట నొక్కి గాల్లోకి ఎగరేసే మట్టి బిళ్లల్ని తుపాకీతో కొట్టే పోటీ, పెట్టారు. నేను టీ పోయడానికి వెళ్లాను. ఎవరో తుపాకీ చేతికిచ్చారు. గాల్లోకి లేచిన నల్లటి మట్టి బిళ్ల నేను కొట్టగానే పొడి పొడి అయింది. అంతటి సంతోషం ఆదివారం ప్రార్థనలో కూడా ఎప్పుడోగాని కలగలేదు. దేవుడు మన్నించుగాక. అప్పటినుంచి శనివారాలు క్లబ్బు తుపాకీతో కొడుతున్నాను. నాది చిన్న గొంతు. బిళ్ల వదలమని నేను "పుల్" అంటే మీట నొక్కే ఆయనకు వినపడదు. "మీరింకా ప్రార్థనలోనే ఉన్నారనుకున్నానమ్మా" అంటాడు. ఇప్పుడు చెయ్యి కూడా ఊపుతున్నాను.

2. తమ కార్యాలయం నుండి తనిఖీకి వచ్చిన లెన్నక్స్ గారు మర్యాదస్తులు. మా వంటింట్లో కూర్చుని ప్రశ్నలు అడిగారు. మా ఆయన క్లైవ్ టీ పోస్తున్నారు.

"మీకు కోపం వస్తుందామ్మా?"

"వస్తుందండీ. పిట్ట తప్పిపోయినప్పుడు."

ఆయన అది కూడా రాసుకున్నారు.

"సరే. తుపాకీ బీరువా తాళం చెవి ఎక్కడ పెడతారు?"

అధికారి అడిగితే నిజం చెప్పాలని నమ్మేదాన్ని. "టీ పొడి డబ్బాలోనండీ" అన్నాను.

"ఓహో, అక్కడా!" అన్నారు క్లైవ్, అదే డబ్బా చేత్తో పట్టుకుని.

లెన్నక్స్ గారు ఫైలు మూసేశారు. "అమ్మా, లైసెన్సు ఉన్నవాళ్లకి తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియకూడదు. భర్తకైనా సరే."

"మీరు అడిగారు కదండీ."

"ఆయన్ని బయటికి పంపి చెప్పాలమ్మా!"

"వానలోకా అండీ?"

ఆ విధముగా నా దరఖాస్తు నిలిచిపోయినది.

3. లెన్నక్స్ గారు వెళ్తూ వెళ్తూ, "మీ మామగారి తుపాకీ ఉందటగా, ఇంకొకటి దేనికి?" అన్నారు. ఆ మాట ఆయనకు అందించింది మా ఆయనే. మామగారు పోయినప్పటినుంచి ఆ తుపాకీ పట్టణంలో తుపాకుల కొట్లో భద్రంగా ఉంది. గొట్టాలు పక్కపక్కన ఉండే పాతరకం. చూడటానికి అందమైనదే. కాని అది తేలిక, అందువల్ల పేలగానే భుజాన్ని గట్టిగా తన్నుతుంది. కొట్టు ఆయన తోడుండి క్లబ్బులో నాచేత ఒకసారి కొట్టించారు. మర్నాడు చర్చిలో కీర్తనల పుస్తకం ఎత్తలేకపోయాను. దాని మడమ, అంటే భుజానికి ఆనించే చెక్క, కుడిచేతివాళ్ల కోసం వంచినది, నేను ఎడమచేతిదాన్ని. పైగా రెండు గొట్టాల మధ్య నుంచి చూస్తే నాకు పిట్ట కంటే గొట్టాలే ఎక్కువ కనబడతాయి.

అదే కొట్లో ఒకటి, ఎవరో వాడి అమ్మినది, ఉంది. గొట్టాలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి, చూపు ఒకే గీత మీద నిలుస్తుంది. కాస్త బరువు, కాబట్టి తన్ను తక్కువ. ట్రిగ్గరు ఒక్కటే. మడమ ఎడమచేతికి చెక్కినది. భుజాన పెట్టుకోగానే, ఇన్నాళ్లూ ఎక్కడున్నావు అనిపించింది. ఈ నెలాఖరు వరకే ఎవరికీ అమ్మకుండా ఆపుతానన్నారు కొట్టు ఆయన. ఎడమచేతిది మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో ఆ దేవుడికే తెలియాలి.

4. తాళం చెవికి కొత్త చోటు చూశాను. క్లైవ్ వెతకడంలో ఘటికులు. పెళ్లయిననాటి నుంచి క్రిస్మస్ చాక్లెట్లు నేనెక్కడ దాచినా పండగ నాటికి మిగలనివ్వలేదు. అందుచేత ఆయన్నే వెతకమన్నాను. వెతుకుతున్నారు. ఆ చోటు ఇక్కడ రాయను, ఈ అర్జీ పోస్టులో వేసేది ఆయనే.

మా ఇంట్లో ఆయనకు తెలియనిది ఇంతవరకు ఏదీ లేదు. నాదంటూ ఒకటి ఉండాలని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

కావున, నెల దాటకముందే లెన్నక్స్ గారిని మరల పంపించి, లైసెన్సు మంజూరు చేయించి, ఆ ఎడమచేతి తుపాకీ నా చేతికి వచ్చేలా దయచూపవలెను.

తమ విధేయురాలు,
రోవెనా ప్రోబర్ట్

తా.క. (వేరే దస్తూరీలో)

అయ్యా, నేను క్లైవ్‌ని. ఆవిడ ఏం రాసినా పోస్టులో వేసేముందు తప్పులు దిద్దడం నా అలవాటు, అందుకని చదివాను. తప్పులు లేవు.

ఇల్లంతా వెతికాను. చాక్లెట్లు రెండు చోట్ల దొరికాయి. తాళం చెవి దొరకలేదు. నిన్న బీరువా వెనక చెయ్యి ఇరుక్కుంటే ఆవిడే వచ్చి లాగింది. "ఇంకా వెతకండి" అంది, మెల్లగానే. కాని అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

ఇంకో సంగతి. మా నాన్న ఆ తుపాకీ ఒకసారి నా చేత కూడా కొట్టించారు. భుజం మీద నల్లగా కమిలితే అమ్మకి చెప్పొద్దన్నారు. నేను మళ్లీ తుపాకీ ముట్టలేదు. ఆ సంగతి మరచిపోయి, అదే తీసుకోమని ఈవిడతో పోట్లాడాను. దాన్ని కొట్లోనే ఉండనివ్వండి. ఆవిడకు నచ్చినదే ఆవిడకు రానివ్వండి.

లెన్నక్స్ గారు ఎప్పుడొచ్చినా సరే, టీ పోసేసి నేనే పెరట్లోకి వెళ్లి నిలబడతాను. వాన పడినా ఫరవాలేదు.