సుబ్బాయమ్మక్క వేలిముద్ర

మంగళవారం, నరసరావుపేట కోర్టు నుంచి వచ్చాక

నెగ్గాను. తీర్పు ఇంకా రాలేదు గానీ, బోనులో మాత్రం నేనే నెగ్గాను.

పక్కింటి సుబ్బాయమ్మక్క పోయేముందు తన ఎకరం మిరప చేనును కోడలు రత్నానికి దానపత్రం రాసి రిజిస్ట్రేషన్ చేయించింది. రత్నం బతుక్కి ఉన్న ఆధారం ఆ చేనొక్కటే. ఇప్పుడు అక్క మరిది కొడుకు ఆ వేలిముద్ర ఆమెది కాదంటున్నాడు. అలా కాదన్నప్పుడు, ముద్ర వేస్తుంటే చూసిన సాక్షి వచ్చి చెప్పాలట. సాక్షులం ఇద్దరం, రెండో ఆయన కాలం చేశాడు. అంటే చేనంతా నా జ్ఞాపకం మీద నిలబడింది. నాకేమో నిన్న తిన్న కూర గుర్తుండదు.

"తొమ్మిదేళ్ల కిందటి సంగతి నీకెట్టా గుర్తుందయ్యా?" అన్నాడు వాళ్ల ప్లీడరు.

"ముద్రేసినాక ఏలికున్న సిరా నా కొత్త చొక్కాకి తుడిచిందండీ అక్క. మా ఆవిడ చానా తిట్టింది. ఇప్పటికీ తిడతానే ఉంది."

"ఏదీ ఆ చొక్కా?"

"దాంతోనే స్టవ్వు తుడుస్తందండీ."

జడ్జిగారు కూడా నవ్వారు. ప్లీడరు కూర్చున్నాడు. బయట రత్నం "బాబాయ్" అని నా చెయ్యి పట్టుకుంది.

ఆ మరిది కొడుకు ఓడినా పై కోర్టుకు పోతేనో...

ఇంట్లో చెప్పగానే మా ఆవిడ ఆ మసిగుడ్డను మడిచి బీరువాలో పెట్టి తాళం వేసింది. "తీర్పొచ్చిందాకా దీన్ని ముట్టుకోమాక!"

ఇప్పుడు ఆవిడ స్టవ్వు తుడుస్తున్నది, నేను కోర్టుకు వేసుకెళ్లిన కొత్త కండువాతో.