ముందు వాకిట్లకెల్లి రమ్మన్న

కొడుకా రాజూ,

నువ్వు పోయినంక వచ్చిన మొదటి జూలై నిన్నటితోని అయిపోయింది. నీ తీర్గనే నీ భార్య సుగుణ ముందటి అర్రల కంప్యూటర్ పెట్టి, సారపాక మిల్లుల పనిచేసేటోళ్లకు ఇన్‌కంట్యాక్స్ రిటర్నులు చేసింది.

ఆ మిల్లులనే పనిచేసే మీ చిన్నాయిన వాడకట్టంతా ఇనేటట్టు అన్నడు: "మొగడు పోయిన ఆడదాని ఇంటికి మొగోళ్లు వచ్చుడేంది వదినా? ఇజ్జత్ పోతది."

పోయినేడు గీ మొగోళ్లే నీ పక్కన కూసొని చాయ్ తాగలేదా? అప్పుడు లేని తప్పు ఇప్పుడెట్ల వచ్చింది? ఆయన మాటకు కొందరు రావుడు బంద్ చేసిండ్రు. సుగుణ ఏడ్సుకుంట కంప్యూటర్ మీద గుడ్డ కప్పింది. నేను ఆ గుడ్డ గుంజేసి, వాకిట్ల కుర్చీ ఏసుకొని కూసున్న. మళ్ల ఒక్కొక్కరే వచ్చిండ్రు.

నిన్న రిటర్నులకు ఆఖరి రోజు. పొద్దుగూకంగ పెరటి తలుపు కొట్టిండ్రు. చూస్తే మీ చిన్నాయినే, చంకల మిల్లోళ్లిచ్చిన జీతం కాయితాలు పెట్టుకొని!

"నాది గూడ జల్దీ చెయ్యమను వదినా. ఎవలకు చెప్పకు."

"ముందు వాకిట్లకెల్లి రా మరిదీ. అందరు చూస్తుండంగ లైన్ల కూసో" అని తలుపేసిన.

వచ్చి కూసున్నడు. సుగుణ ఆయనది గూడ చేసింది.

వచ్చినోళ్లందరికి నువ్వున్నప్పుడు చెప్పినట్టే చాయ్ పోసిన రాజూ. ఆయనకు మాత్రం పొయ్యలే. నువ్వుంటే పొయ్యమందువు.

మీ అమ్మ