కావి చుక్కకు క్షమాపణ

కృష్ణగిరి జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, హోసూరు మూకండపల్లి నివాసి ధనుంజయ్ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పసిబిడ్డల అత్యవసర వార్డులో భద్రత లేకపోవుట, నేను రాసిచ్చిన క్షమాపణ కాగితం వాపసు ఇప్పించుట గురించి.

తమిళంలోనూ రాయగలను. కానీ అసహ్యం నాకు తెలుగులోనే వస్తుంది, మన్నించవలెను.

1. నా భార్య రంజితకు ఏడో నెలలోనే పుట్టిన మగబిడ్డ పన్నెండు రోజులుగా హోసూరులోని ఒక ఆస్పత్రి (పేరు వేరే కాగితంపై జతపరచడమైనది) అద్దాల గదిలో ఉన్నాడు. మాచేత మూడుసార్లు చేతులు కడిగించి, రోజుకు రెండు నిమిషాలు లోపలికి పంపుతారు. పెద్ద డాక్టరు గారు మాత్రం వీధి బూట్లతోనే వస్తారు. చెప్పేవి శ్రీరంగనీతులు.

2. బిడ్డ ఊపిరి తగ్గితే మెషిన్ మోగుతుంది. సిస్టర్ ఆ మోత ఆపి ఫోను చూసుకోవడం నా కళ్ళారా చూశాను. నేను బోల్టుల కంపెనీలో తనిఖీ పని చేస్తాను. మాకు బజరు మోగితే మనిషి వచ్చి చూసేదాకా లైను కదలదు. నా బిడ్డకు బోల్టుపాటి విలువ లేదా అని తమరిని అడుగుచున్నాను.

3. మా అమ్మ పాపక్క ఉద్దనపల్లిలో గొర్రెలు కాసిన మనిషి. తన గొర్రెపిల్లలు పరాయి మందలో కలిసిపోకుండా కావిమట్టి చుక్క పెట్టడం ఆమెకు అలవాటు. మొదటి రోజే మనవడి కుడి అరికాలికి పెట్టింది. క్రిములు వస్తాయని ఆస్పత్రివాళ్ళు గొడవ చేసి, "మా తల్లి తెలివితక్కువది, ఇకపై ఇట్లు జరగదు" అని నాచేత రాయించుకున్నారు. నేనూ అమ్మను నలుగురిలో తిట్టాను.

4. నిన్న ఉదయం ఒకే పక్కమీద ఇద్దరు బిడ్డలను పడుకోబెట్టారు. కాళ్ళు మరీ సన్నం, పేరు పట్టీలు రెండూ ఊడిపోయాయి. సిస్టర్ నన్ను పిలిచి, "రెండిట్లో మీది ఏదప్పా?" అన్నది. అయ్యా, నాకు తెలియలేదు. కన్నతండ్రిని, తెలియలేదు. రోత పుట్టింది. ఆ రోత వాళ్ళమీదో నామీదో చెప్పలేను.

అద్దం బయటనుంచి అమ్మ అరిచింది: "కుడి అరికాలు చూడమ్మా! ఆడ కావి పెట్టినాను."

ఉంది. పన్నెండు రోజులుగా ఆ కాలిని ఎవరూ సరిగా తుడవను కూడా లేదు.

కావున రంజితను బిడ్డ పక్కన కూర్చోనివ్వమని, ఊడని పట్టీలు కట్టించమని, ఆ క్షమాపణ కాగితం మా అమ్మ చేతికి ఇప్పించమని వేడుకొనుచున్నాను. ఈ నాలుగు ముక్కలూ తమరే స్వయంగా చిత్తగించవలెను, విచారణకని ఆ ఆస్పత్రికే పంపరాదు.

కోపంలోనూ తమ విధేయుడు,
ధనుంజయ్

తా.క.: ఇది మడుస్తుండగా ఆ సిస్టరే బయటికి వచ్చి, మెల్లగా మా అమ్మను అడిగింది: "అవ్వా, ఆ కావి ఇంకా ఉండాదా? లోపల ఇంకా పదకొండు మంది ఉండారు." అమ్మ వక్కాకు సంచి విప్పింది. ఈసారి నేను తిట్టలేదు. తమరు త్వరగా రావలెను. సంచిలో కావి కొంచెమే ఉంది.