చాక్‌పీసుల్లో సున్నం ఉండదట

ఏమండీ,

ఈ పొద్దున బాల్కనీ సంచుల్లో పాల పుట్టగొడుగులు తలలెత్తాయి. మీరుంటే యాప్రాల్ కాలనీ అందర్నీ పిలిచి చూపించేవారు.

పోయినసారి సంచుల పైన పరిచిన కొబ్బరిపొట్టులో ఆమ్లం ఎక్కువై పచ్చ బూజు పట్టింది కదా. ఆ ఆమ్లం తగ్గాలని ఈసారి మీరు వదిలివెళ్ళిన చాక్‌పీసులు దంచి కలిపాను. ఆమ్లం చూసే పీహెచ్ కాగితం పెడితే రంగు మారలేదు. పక్కింటి సునీత, మీ శిష్యురాలే, ఒకటే నవ్వు.

"చాక్‌పీసులల్ల సున్నం ఏడుంటది ఆంటీ? అది జిప్సమ్. మాకు సారే చెప్పిండు."

నాకెందుకు చెప్పలేదండీ ఆ పాఠం?

మోండా మార్కెట్ నుంచి సున్నం తెచ్చి కలిపాక కాగితం ఆకుపచ్చకు తిరిగింది, పీహెచ్ 7.5.

దంచకుండా ఒక్క చాక్‌పీసు మిగిలింది. దాంతో బాల్కనీ గోడ మీద 7.5 అని రాశాను, మీలాగే ఏడుకు అడ్డగీత పెట్టి.