మన కారుకి గ్యాస్ పెట్టించాను

సుజాతా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నువ్వు ముచ్చటపడి కొనిపించిన మన పెట్రోల్ కారుకి కిందటివారం గ్యాస్ కిట్ పెట్టించాను. పొగ తగ్గుతుందని, ఖర్చు కలిసొస్తుందని అమ్మాయి ఒకటే పోరు. డిక్కీలో ఆ సిలిండర్ చూసినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

ఈ ఉదయం అమ్మాయిని మాదాపూర్ ఆఫీసులో దింపడానికి అమీర్‌పేట నుంచి బయల్దేరాను. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర గుప్పున గ్యాస్ వాసన వచ్చింది. అమ్మాయి వెనకసీట్లో, సరిగ్గా సిలిండర్ ముందు, నిద్రపోతోంది. ఇంజన్ ఆపేసి, దాని రెక్క పట్టుకుని ఫుట్‌పాత్ మీదికి లాక్కొచ్చాను. వెనక బళ్లన్నీ ఒకటే హారన్లు.

"నాన్నా, నొప్పెడుతోంది, చెయ్యి వదులు" అనేదాకా పట్టు వదల్లేదు.

ఆటోవాళ్లు కారుని పక్కకి నెట్టారు. ఫోన్ చేస్తే కిట్ బిగించిన సలీం భాయ్ పరుగెత్తుకొచ్చాడు. పైపు మీద సబ్బునీళ్లు పోస్తే ఒకచోట బుడగలు లేచాయి. అక్కడి నట్టు బిగించి మళ్లీ పోశాడు.

"జర లూజ్ ఉండె సార్. ఇప్పుడు ఒక్క బుడగ సుత లేదు, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

అమ్మాయి మళ్లీ వెనక తలుపే తీసింది. ముందు కూర్చోమన్నాను. అది నీ సీటు. నువ్వు పోయినప్పటి నుంచి ఇద్దరం దాన్ని ఖాళీగానే ఉంచాం. వచ్చి కూర్చుంది. ఆఫీసు దాకా నేను గాలి వాసన చూస్తూనే నడిపాను.