తమరి కోటు కుట్లు విప్పుటకు అనుమతి గురించి

డిజిటల్ ఆస్తుల నమోదు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమరు తొడుక్కున్న బూడిదరంగు కోటు ఎడమ లోజేబు కుట్లు పది నిమిషాలు విప్పి, మరల కుట్టుటకు అనుమతి కోరుట గురించి.

తమరి ఆఫీసు వెనక సందులో దర్జీ పని చేసుకొను నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా భార్య కాజాలు కుట్టి కూడబెట్టినదంతా క్రిప్టో నాణెములలో పెట్టియున్నది. అవి కంటికి కనపడవు, చేతికి తగలవు. పన్నెండు మాటలే వాటి తాళంచెవి. మా కొట్టు ఖాళీ చేయమని గది యజమాని చెప్పియున్నాడు. కొత్త గది అడ్వాన్సుకు ఆ నాణెములే దిక్కు.

2. "ఫోన్లో వద్దు, కాగితమ్మీద వద్దు, ఎక్కడైనా భద్రంగా దాచు" అని ఆమె ఆ మాటలు నాకు అప్పగించినది. దర్జీకి గుడ్డను మించిన భద్రమేమున్నది? లైనింగు ముక్క మీద రాసి, కొక్కేనికున్నది నా పాత కోటే అనుకొని, తమరు నా దగ్గర కుట్టించుకొన్న కోటు లోజేబులో పెట్టి కుట్టేశాను. ఆ సాయంత్రమే తమరి డ్రైవరు వచ్చి పట్టుకుపోయాడు.

3. మర్నాడే తమరి ఉత్తర్వు వెలువడినది: నెలాఖరులోగా నమోదు కాని డిజిటల్ ఆస్తి స్తంభింపజేయబడును. మొదటి కౌంటరు గుమాస్తా "నాణెం తెచ్చావా?" అన్నాడు. కనపడదన్నాను. "కనపడనిదానికి ముద్ర ఎక్కడ వెయ్యను, నీ నెత్తి మీదా?" అన్నాడు. రెండో ఆయన నాణెం ఫొటోలు మూడు అడిగాడు, వెనక తెల్లగోడ ఉండాలట. మూడో కౌంటరులో ఉన్నావిడ ఒక్కతే చట్టం చదివిన మనిషి.

"తాళంచెవి నీ దగ్గరుందని రుజువు చెయ్యి, చాలు."

"ఉందమ్మా."

"ఎక్కడ?"

అద్దాల తలుపు వెనక కూర్చున్న తమరిని చూపించాను. గార్డు నన్ను మెట్ల దాకా దిగబెట్టాడు.

4. తమరి ఉత్తర్వు ప్రకారం తాళంచెవి ఎవరి ఆధీనంలో ఉన్నదో వారే ఆస్తిదారు. ఆ లెక్కన నా భార్య సొమ్ముకు ప్రస్తుతం తమరే హక్కుదారు. తమరూ నమోదు చేయించుకోలేదు. తమరు సంతకం పెట్టిన ఉత్తర్వు తమరి మెడకే చుట్టుకొనునని నాకు బెంగగా ఉన్నది.

5. నిన్న లిఫ్టు దగ్గర ధైర్యం చేసి, "అయ్యా, ఎడమ భుజం దిగింది, విప్పండి, సవరిస్తా" అన్నాను. "లేదయ్యా, అద్భుతంగా కుదిరింది" అని తమరు వెళ్ళిపోయారు. నా కుట్టును ఒక పెద్దమనిషి మెచ్చుకోవడం అదే మొదటిసారి. మెట్ల మీద కూలబడి ఏడ్చాను.

6. నా భార్య తొమ్మిది రోజులుగా నాతో మాట్లాడుట లేదు. తిడితే పడతాను, అలవాటే. ఆ మౌనమే పడలేకున్నానయ్యా.

కావున పది నిమిషాలు ఆ కోటు నా చేతికిప్పించిన యెడల, కుట్టు తేడా తెలియకుండా తిరిగి అప్పగింతునని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దర్జీ

తా.క. అయ్యా, ఈ అర్జీ మీకిచ్చి రమ్మని ఆయన నన్ను పంపారు. నేను ఆయన భార్యని. కోటు పోయిందని చెప్పిన రోజే, నా ఫోన్లో తెరిచే ఉన్న ఖాతాలోంచి నాణాలన్నీ వేరే తాళానికి మార్చేశాను. మూడో కౌంటరావిడ మొన్ననే నమోదు కూడా చేసింది. మీ జేబులోది ఇప్పుడు ఉత్త గుడ్డపీలిక. మొదటిరోజు నిజంగా కోపంతోనే మాట్లాడలేదు. రెండోరోజు నిద్రలేచేసరికి గిన్నెలు తోమి ఉన్నాయి, మంచం పక్కన వేడి టీ ఉంది. పదిహేడేళ్ల కాపురంలో ఇలాంటిది చూడలేదు. కాబట్టి ఈ అర్జీని దయచేసి ఇంకో నెల్లాళ్లు పెండింగులో ఉంచగలరు.