‘ఏమీ రాలేదు’ అన్న స్క్రీన్

మంగళవారం రాత్రి, వనస్థలిపురం

నెట్‌వర్కులో ముక్కలుముక్కలుగా వెళ్లే సమాచారాన్ని, అంటే ప్యాకెట్లను, వెతికే స్క్రీన్ ఈరోజుతో పూర్తయిందనుకున్నాను. ఏ కంప్యూటర్ నుంచి, ఏ కంప్యూటర్‌కి, ఏ వేళ అని మూడు గళ్లు నింపితే, వాటి మధ్య నడిచిన ప్యాకెట్లలో మా యంత్రం పట్టి టేపు మీద దాచినవి చూపిస్తుంది. ఒక్కటీ లేకపోతే ‘ఏమీ రాలేదు’ అంటుంది.

పరీక్షించడానికి కూర్చున్న యాదగిరి పదకొండు నుంచి పన్నెండు దాకా అడిగాడు. ఏమీ రాలేదంది.

“గప్పుడు టేపు మార్చనీకి మన మిషనే బంద్ పెట్టినం గద సార్! రాలేదని ఎట్ల చెప్తది? మా మామ గిట్లనే, స్టాప్‌ల పండుకొని లేసి బస్సే రాలేదంటడు.”

అందరితో పాటు నేనూ నవ్వాను. యంత్రం ఎప్పటినుంచి ఎప్పటిదాకా నడిచిందో జవాబు పైనే కనిపించేలా సాయంత్రానికి మార్చేశాను.

ఇంటికొస్తుంటే, బస్సు దిల్‌సుఖ్‌నగర్ దాటాక నా భార్య సుజాత పోయిన రోజు గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం నొప్పి మొదలయ్యాక, పక్కింటివాళ్లు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లేలోపు, ఇంట్లో ఫోన్ లేదు గనుక మందుల షాపు నుంచి నాకు ఫోన్ చేసిందేమోనని తర్వాత మా ఆఫీసు టెలిఫోన్ ఆపరేటర్ విమలగారిని అడిగాను. “ఏ ఫోనూ రాలేదండీ” అన్నారు. ఆ మాట పట్టుకునే ఎనిమిది నెలలుగా నిద్రపోతున్నాను. ఆ వేళ ఆమె సీట్లో ఉన్నారా, భోజనానికి వెళ్లారా అని అడగలేదు. అడగాలని తోచలేదో, లేక...

రేపు అడగొచ్చు. ముందు గేటు నుంచి వెళ్తే ఆమె బల్ల పక్కనుంచే వెళ్లాలి. వెనక గేటు కూడా తొమ్మిదింటికే తెరుస్తారు.